అమ్మ అలగలే

బతుకమ్మ పండుగ ఇంక వారం ఉన్నదనంగ, మా అమ్మ రామమ్మ పొద్దుగాలే గొర్లకట్టె చేతిల పట్టుకొని వాకిట్ల నిలబడ్డది.

"ఇయ్యాల్టి సంది మందెంబడి నేను పోత. నీ పిల్లలను నువ్వే చూసుకో" అన్నది.

దొడ్డి తడిక తీయబోతున్నోన్ని అట్లనే ఆగిన. "గదేందే అమ్మా! ఎండల గుట్టలెంబడి నువ్వేం తిరుగుతవ్?"

"తిరుగుత. గొర్లు ఒక్క కేకేస్తే ఇంటయ్. నీ కొడుకు కేకేస్తే గోలెంల దుంకుతడు. నిన్న రెండుసార్లు బయటికి తీసిన."

ఆ మాట అబద్ధం కాదు. మూడేండ్ల గిరిగానికి నీళ్ళ గోలెం, కోళ్ళగూడు, గొర్రెపిల్లల గంప, ఏది కనబడితే దాంట్ల దూరుడే పని. వాని అక్క పూజ రెండో తరగతి. అది దుంకదు, దూరదు. ప్రశ్నలడుగుతది. మా అమ్మకు దుంకేటోని కంటే అడిగేదానితోనే ఎక్కువ పరేషాన్.

మాది కేతేపల్లి మండలంల ఒక చిన్న ఊరు. గొర్ల ఐలేశం ఇల్లేదంటే ఎవరైనా చూపిస్తరు. నా పెండ్లాం శైలజ. ఇంటర్ చదివినంక నాకిచ్చి చేసిన్రు. ఇద్దరు పిల్లలైనా దానికి చదువు మీద పానం తీరలే. తెల్లారక ముందే బడి గ్రౌండుల ఉరికేది. పిల్లలు పండుకున్నంక పుస్తకం తీసేది. ఆఖరికి కానిస్టేబుల్ నౌకరి కొట్టింది. ఊరంత మా ఇంటికొచ్చి చాయ్ తాగి పోయిన్రు. తొలకరి వానలప్పుడు ట్రైనింగుకు పోయింది. పట్నం అవతల, తొమ్మిది నెలలు. నడుమ ఇంటికి పంపరు.

పోయేటప్పుడు తొమ్మిది నెలలంటే ఏమున్నదిలే అనుకున్నం. పోయినంక తెలిసింది.

మాపటీలి జరసేపు వాళ్ళకు ఫోన్ ఇస్తరు. గిరిగాడు ఫోన్ను మొకానికి అదిమి పట్టుకొని "అమ్మా, రా" అంటడు. గంతే, ఇంకో మాట లేదు. పూజైతే ఫోన్ మోగంగనే పక్కింటికి ఉరుకుతది. ఎంత పిలిచినా రాదు. అవతల శైలజ దాన్ని పిలువు, పిలువు అంటనే ఉంటది.

"నాతోని కాదయ్యా. ఎంతంటే అంత ఉరుకుత, ఎండల నిలబడుమంటే నిలబడ్త. కని పిల్ల మాట్లాడకపోతే నాకు బువ్వ దిగుతలేదు. ఇడిసిపెట్టి వచ్చేస్త" అంటది.

"గట్లనకు. ఎంత కష్టపడి తెచ్చుకున్నవ్" అని నేనంట. ఫోన్ పెట్టేసినంక, వచ్చేస్తే మంచిగుండు అని నాకే అనిపిస్తుండె. పొయ్యి ముంగట కూసున్నప్పుడు మరీ.

మా అమ్మ లోపల ఒకటి పెట్టుకోదు. "నౌకరి లేకుంటే మనకు ఎల్లదా? గొర్లున్నయ్, చెల్కున్నది. రమ్మను" అని బయటికే అనేది.

ఇగ ఆ పొద్దు సంది మా అమ్మ మందెంబడి, నేను పిల్లలెంబడి.

మా ఊర్ల మొదటి రోజు ఎంగిలిపూల నాడు, ఆఖరి రోజు సద్దుల నాడే బతుకమ్మ పెద్దగ ఆడుతరు. నడుమ రోజులను అంత పట్టించుకోరు. కని పూజకు బడిల టీచర్ అన్ని రోజుల పేర్లు, ఏ రోజు ఏం వండాల్నో పాఠం లెక్క చెప్పింది. సెలవులిచ్చిన నాడు అది సంచి మూలకు ఇసిరేసి నా ముంగట నిలబడ్డది.

"బాపూ, రేపు ఎంగిలిపూలు. ఎల్లుండి అటుకులు. ఆ తరువాత ముద్దపప్పు. తరువాత..."

"అన్నీ ఎందుకు బిడ్డా? సద్దుల నాడు మంచిగ చేసుకుందాం."

"అమ్మ ఉంటే అన్నీ చేస్తుండె."

అమ్మ ఉన్నప్పుడు గూడ అన్నీ చెయ్యలే. అది నాకెర్క, దానికెర్క. కని దాని కండ్లు చూసి "సరే తియ్" అన్న. ఆ మాట నన్ను ఎంత దూరం గుంజుకపోతదో అప్పుడు తెల్వదు.

తెల్లారి గిరిగాన్ని మెడల మీద కూసుండవెట్టుకొని, పూజ చెయ్యి పట్టుకొని గుట్ట దిక్కు పోయిన. వానలు మంచిగ పడ్డ ఏడు అది. గుట్ట కింద ఎటు చూసినా తంగేడు, పసుపు ఆరవోసినట్టు. చేన్ల గట్ల మీద గునుగు. పూజ గునుగు కాడలను కట్ట కట్టుకుంట, పొట్టియి పనికిరావని తీసి పడేసుకుంట నడిచింది. గిరిగాడు తెంపిన ప్రతి పువ్వు మీద "నాది" అన్నడు. తూనీగెనక ఉరికి బురదల బోర్లపడి లేచి ఆ బురదను గూడ "నాది" అన్నడు.

గుట్ట మీద మందతోని ఉన్న మా అమ్మ మమ్ముల చూసింది. "ఓ ఐలేశా! కట్లపువ్వు వాగు పక్కకున్నది పోండ్రీ!" అని కేకేసింది. ఆ కేక ఎదురు గుట్టకు తాకి మళ్ళొచ్చింది. గిరిగాడు ముందుగాల బెదిరి నా ఎంటికలు పట్టుకున్నడు. తరువాత వానికి మజా అనిపించి వాడూ అదే కేక అందుకున్నడు. ఇల్లు చేరేదాంక నా చెవుల "పోండ్రీ" అనే కేకనే.

పువ్వు తెచ్చిచ్చుడు వరకే మా దిక్కు మొగోళ్ళ పని. పేర్చుడు ఆడోళ్ళది. నేను ఎన్నడు పేర్చినోన్ని కాదు. వెదురు సిబ్బిల గుమ్మడాకులు పరిచి, వరుస మీద వరుస పెట్టుకుంట పోయిన. సగమయ్యేసరికి అది ఒక దిక్కు ఒరిగింది. ఒరిగిన దిక్కు చెయ్యి అడ్డం పెడితే రెండో దిక్కు ఒరిగింది.

గోడ మీదికెళ్ళి భాగ్యక్క చూసింది. భాగ్యలక్ష్మి మా పక్కింటామె, నాకు వరుసకు అక్క. ఆమె నవ్వు మొదలైతే ఆగదు. "ఓరి ఐలేశా, గది బతుకమ్మనారా, గడ్డివామా?" అని కండ్ల నీళ్ళు తుడుచుకుంట ఇటు వచ్చింది. "కాడలు లోపలికి పెట్టాలె. నడుమ ఆకు తుంచి కూరాలె. భయపడకు, గట్టిగ అదుము. పువ్వు ఏమనది."

పూజ ఒక్కసారి చూసి నేర్చుకున్నది. నా చేతులు గొర్రెపిల్లలను పట్టే చేతులాయె, పట్టిన కాడలల్ల సగం ఇరిగినయ్. అయినా మూరెడెత్తు పేర్చినం. పైన పసుపు గౌరమ్మను పెట్టినంక చూస్తే ఒరిగినా ముద్దుగనే ఉన్నది.

మాపటీలి ఊరి నడుమ బొడ్రాయి కాడికి తీసుకపోయినం. ఆడోళ్ళందరు బతుకమ్మలు నడుమ పెట్టి చుట్టు తిరుగుతున్నరు. పూజ నా అంగి కొస పట్టుకొని కదల్లే.

"పోరాదు బిడ్డా. గంత కష్టపడి పేర్చినవ్."

"అందరు వాళ్ళ అమ్మలతోని ఆడుతున్నరు" అన్నది.

భాగ్యక్క ఆడుకుంట ఆడుకుంట మమ్ముల చూసినట్టున్నది. వరుసలకెళ్ళి బయటికొచ్చి దాని చెయ్యి పట్టుకున్నది. "నా తోని రా పిల్లా. నాకిద్దరూ కొడుకులే. నాకు గూడ ఆడేటందుకు ఒక బిడ్డ గావాలె గద" అన్నది. పూజ నా దిక్కు చూసింది, ఆమె దిక్కు చూసింది. పోయింది. ముందుగాల చేతులు కలువలే. రెండో సుట్టుకు కలిసినయ్.

ఇగ వంటల సంగతి. అటుకుల నాడు కష్టం లేకుండె. అటుకులల్ల బెల్లం కలిపిన, పిల్లలు తిన్నరు, గెలిచిననుకున్న. ముద్దపప్పు నాడు పప్పు అడుగంటింది.

"పొగ వాసన వస్తాంది బాపూ" అన్నది పూజ.

"పొయ్యి మీద వండితే గట్లనే వస్తది."

"మనది గ్యాస్ పొయ్యి."

నానబియ్యం నాడు బియ్యం ముందటి రోజే నానవెట్టాలెనని యాదికి రాలే. పిల్లలు పాలు బెల్లంల కలిపిన గట్టి బియ్యం పటపట నమిలిన్రు. అట్ల నాడు మొదటి అట్టు పెనాన్ని ఇడువలే. రెండోది ముక్కలైంది. మూడోది మాడింది. గిరిగాడు పీట మీద కూసుండి ఒక్కోదానికి పేరు పెట్టిండు. "గిది గొర్రె. గిది తోక. గిది అవ్వ." అంచు వంకర తిరిగిన అట్టు నిజంగనే మా అమ్మ ముక్కు లెక్క ఉన్నది. పూజ నవ్వి నవ్వి కింద కూలబడ్డది. దాని నవ్వు ఇని ఎన్ని దినాలైందో నాకు అప్పుడే ఎర్కైంది.

మాపటీలి మందను తోలుకొచ్చిన మా అమ్మకు ఆ సంగతి చెప్పిన్రు. ఆమె కాళ్ళు కడుక్కొని వచ్చి తన పేరు పెట్టిన అట్టునే అడిగి పెట్టించుకున్నది. "మాడింది గని రుచున్నది" అన్నది. నేను చేసినదాన్ని మా అమ్మ మెచ్చుకున్నది నా బతుకుల అదే మొదటిసారి.

ఆ మాపు ఫోన్ల శైలజకు అట్ల కథంత చెప్పిన. నవ్వింది. నవ్వినంక, "నేను లేకున్నా మంచిగనే ఉన్నరన్నట్టు" అన్నది.

"గట్ల కాదు శైలా" అన్న. పూజ ఎప్పటి లెక్కనే పక్కింట్ల ఉన్నది.

తెల్లారి అలిగిన బతుకమ్మ. ఆ రోజు పువ్వు తెంపరు, పేర్చరు, వండి పెట్టరు. నాకు జర పని తప్పినట్టైంది. కని పూజ పొద్దుగాల లేచిన కాడ్నుంచి అరుగు మీద కూసున్నది.

"బతుకమ్మ ఎందుకలిగింది బాపూ?"

"ఎన్నడో ఎవరిదో ఎంగిలి చెయ్యి తాకిందట."

"మరి బతిమాలరా?"

"రేపు బతిమాలుతరు."

"ఇయ్యాల్నే ఎందుకు బతిమాలరు?"

"మూసీ కాడికి పోదామా? గేట్లెత్తిన్రట" అన్న. గిరిగాడు చెప్పులు ఏసుకోకుంటనే బండెక్కి కూసున్నడు.

మూసీ ప్రాజెక్టు కాడ జాతర లెక్కున్నది. నీళ్ళు తెల్లగ నురుగు కక్కుకుంట కిందికి దుంకుతున్నయ్. తుంపర కట్ట మీదిదాంక వచ్చి మొకాల మీద పడుతాంది. గిరిగాడు నా మెడల మీదికెళ్ళి నీళ్ళను "పోండ్రీ!" అని కేకేసుడు పెట్టిండు. నీళ్ళు వాని మాట ఇన్నట్టు పోతనే ఉన్నయ్. పక్కకు నిలబడ్డోళ్ళు నవ్విన్రు. వాడు ఇంకింత గట్టిగ కేకేసిండు. మిరపకాయ బజ్జీలు తిన్నం, పిల్లల చేతులకు జొన్నకంకులిచ్చిన. తరువాత ఒక బండి కాడ ఏంచిన చేపలు తీసుకొని కట్ట మీద కూసున్నం. నేను ముండ్లు తీసి ఇద్దరికి పెడుతున్న.

పూజ నీళ్ళ దిక్కే చూసుకుంట అన్నది: "అమ్మ గూడ అలిగే పోయిందట గద."

"ఎవరన్నరు?"

"నల్లా కాడ ఒకామె ఇంకొకామెకు చెప్పింది. ఇంట్ల కొట్లాటై అలిగి పోయిందట. నేను బిందె పట్టుకొని ఎనకనే ఉన్న."

"ఇంట్ల కొట్లాటేం కాలే బిడ్డా."

"అయింది. అమ్మ పోయే నాడు నేను కొట్లాడిన. జడ గట్టిగేస్తున్నవని చెయ్యి గుంజి కొట్టిన." దాని గొంతు సన్నగైంది. "ఫోన్ల మాట్లాడితే మల్ల ఏమన్నంటనో, ఇంకింత అలుగుతదేమోనని..."

చేతిలున్న చేపముక్క అట్లనే పట్టుకున్న. ఇన్ని దినాలు ఫోన్ మోగంగనే అది ఎందుకు ఉరుకుతదో నేను, మా అమ్మ, శైలజ తలా ఒకటనుకున్నం. ఒక్కళ్ళం అడగలే.

"అమ్మ అలగలే" అన్న. "అమ్మ నేర్చుకునేటందుకు పోయింది. నువ్వు బడికి పోతవు చూడు, గట్ల. పోలీసోళ్ళకు గూడ బడుంటది."

"పెద్దోళ్ళకా?"

"పెద్దోళ్ళకే."

"టీచర్ కొడతదా?"

"కొట్టదు. ఉరికిస్తదట."

పూజ ఆలోచన చేసింది. నా చేతిలున్న ముక్క తీసుకొని నోట్లె పెట్టుకున్నది. "ఉరుకుడుల అమ్మనే ఫస్టొస్తది" అన్నది.

ఆ మాపు ఫోన్ మోగకముందే అది ఫోన్ పక్కకు కూసున్నది. మోగంగనే తీసి, "అమ్మా, నువ్వు అలిగినవా?" అన్నది.

నేను దగ్గరికి జరిగి చెవి పెట్టిన. శైలజ గొంతు వినబడ్డది. "అలగలే బిడ్డా. నీ మీద నేనెందుకలుగుత? ఎవరన్నరట్ల?"

"ఎవరో అన్నరు గని, నీ జడ ఎవరేస్తున్నరు?"

"నేనే ఏసుకుంటున్న."

"గట్టిగ ఏసుకోకు. నొస్తది."

ఇగ అట్లనే మాట్లాడుకున్నరు. ఆఖరికి నాకిచ్చినప్పుడు జరంత సమయమే మిగిలింది. "ఆదివారం పిల్లలను కలువనిస్తరు. తీస్కరా" అన్నది శైలజ. జర ఆగి, "నీతోని ఒక మాటున్నది. వచ్చినంక చెప్త" అన్నది. ఆ మాటేందో నాకు ఎర్కైనట్టే అనిపించింది. సంబురపడాల్నో ఫికర్ పడాల్నో తెల్వలే.

ఆదివారం వెన్నముద్దల బతుకమ్మ. ముందటి రోజే భాగ్యక్క వాళ్ళ బర్రె వెన్న గిన్నెడు ఇచ్చింది. నువ్వులు ఏంచి, బెల్లం దంచి, వెన్న కలిపి ముద్దలు కట్టినం. గిరిగాడు కట్టిన ముద్దలు చాన చిన్నగున్నయ్. సగం వాని కడుపులకే పోతున్నయ్ మరి. పొద్దుగాల నేను లేచేసరికి పొయ్యి కాడ మా అమ్మ ఉన్నది. రొట్టెలు కాల్చి, వేడి మీదనే నలిపి, బెల్లం నెయ్యి ఏసి మలీద చేస్తాంది.

"దానికి నా చేతి మలీద అంటే పానం" అన్నది నా మొకం చూడకుంట. "తిన్నంక రమ్మని చెప్పు. నీ వంటలు తిని పిల్లలు, గొర్లెనక తిరిగి నేను, అందరం సన్నగైతున్నం."

పూజ ఇంకొక సంచి సర్దుకున్నది. దాన్నిండ తంగేడు పువ్వు. "పట్నంల తంగేడు ఉండదట" అన్నది.

బస్సుల గిరిగాడు కిటికీకి అతుక్కొని కనబడ్డ ప్రతి గొర్రెల మందను "అవ్వా!" అని పిలిచిండు. పట్నం దాటి, ఆటో ఎక్కి, ట్రైనింగ్ సెంటర్ గేటు కాడ దిగినం. లోపల చెట్ల కింద మా అసోంటోళ్ళు ఎందరో. చద్దిమూటలు, చంటిపిల్లలు, ముసలోళ్ళు. మేము ఒక యాపచెట్టు కింద కూసున్నం.

ఖాకీ బట్టలేసుకొని, తలకు టోపీ పెట్టుకొని ఒకామె మా దిక్కు వచ్చింది. నల్లబడ్డది, చిక్కింది, నడక నిటారుగైంది. దగ్గరికొచ్చేదాంక నేనే గుర్తువట్టలే. గిరిగాడు నా ఎనక దాక్కున్నడు. శైలజ మోకాళ్ళ మీద కూసుండి చేతులు చాపింది. వాడు రాలే. దాని చేతులట్లనే ఉన్నయ్.

దాని పక్కకు నేల మీద అది తెచ్చిన చేతిసంచి ఒకటి ఉన్నది. నిండుగున్నది. జిప్పు వేసున్నది. నేను సంచిని చూసిన. నేను చూసుడు అది చూసింది.

పూజైతే వచ్చిన కాడ్నుంచి నోరు మూస్తలేదు. "అమ్మా, బాపు పప్పు మాడగొట్టిండు. బియ్యం నానవెట్టలే. అట్టుకు అవ్వ ముక్కొచ్చింది. అవ్వేమో గొర్లెంబడి పోతాంది. భాగ్యత్త నాకు చప్పట్లు కొట్టుడు నేర్పింది. నేనే పేరుస్తున్న ఇప్పుడు, బాపుకు రాదు."

శైలజ ముందు ముసిముసిగ నవ్వింది. అవ్వ ముక్కు కాడికొచ్చేసరికి పడీ పడీ నవ్వింది. టోపీ తీసి పక్కకు పెట్టి, కొంగు లేదాయె, చేతితోనే కండ్లు తుడుచుకున్నది. ఆ నవ్వు చప్పుడుకు గిరిగాడు నా ఎనకకెళ్ళి తల బయట పెట్టిండు. ఆ నవ్వును గుర్తువట్టినట్టున్నడు. మలీద డబ్బాల చెయ్యి పెట్టి, పిడికెడు తీసుకొని పోయి దాని నోట్లె కుక్కిండు. సగం ఖాకీ అంగి మీద పడ్డది. "తిను" అన్నడు. దాని ఒళ్ళెకెక్కి కూసున్నడు. ఇగ దిగలే.

జర దూరంల ట్రైనింగుల ఉన్న ఆడపిల్లలు కొందరు తాంబాలంల బంతిపూలతోని బతుకమ్మను పేరుస్తున్నరు. పూజ పోయి ఎనక చేతులు కట్టుకొని నిలబడి చూసింది. "తంగేడు లేదేంది?" అని అడిగింది.

"ఈడెక్కడిదమ్మా? మార్కెట్ల బంతిపువ్వే దొరికింది" అన్నది ఒకామె.

"తంగేడు లేకుంట బతుకమ్మ ఎట్లయితది?" అని పూజ ఉరికొచ్చి సంచి తీసుకపోయింది. సంచి కుమ్మరించేసరికి వాళ్ళంత ఒక్కసారే "అబ్బా" అన్నరు. ఒకామె పిడికెడు తీసుకొని మొకానికి అదుముకున్నది. అమ్రాబాద్ దిక్కు పిల్లనట. పేర్చిందంత పక్కకువెట్టి మల్ల మొదటికెళ్ళి పేర్చిన్రు. పూజ నడుమ కూసుండి, "కాడ లోపలికి. గట్టిగ అదుము. పువ్వు ఏమనది" అని పోలీసోళ్ళకు నేర్పింది.

ఆడుడు మొదలైంది. శైలజ గిరిగాన్ని సంకన ఏసుకొని, పూజను పక్కకు పెట్టుకొని తిరిగింది. అందరి కాళ్ళకు బూట్లాయె, అడుగేసినప్పుడల్లా దబ్ దబ్‌మని నేల మోగింది. పాట పాటనే, కని అడుగు పరేడ్ అడుగు. పిల్లలను చూసేటందుకు వచ్చిన ముసలమ్మలు గూడ లేచి కలిసిన్రు. నేను చెట్టు కింద సంచి పక్కకు కూసుండి చూసిన. నా పెండ్లాం గంత గట్టిగ పాట ఎత్తుకోంగ నేను ఎన్నడు ఇనలే.

అంతల ఈలేసిన్రు. కలిసే సమయం అయిపోయింది.

శైలజ మా కాడికొచ్చి నిలబడ్డది. ఎవ్వరం కదల్లే. పూజ చుట్టు చూసింది. అందరు లోపలికి ఉరుకుతున్నరు.

"అమ్మా, పో. లేటైతే ఉరికిస్తరు గద" అన్నది. కింద పడ్డ టోపీ తీసి, దుమ్ము దులిపి చేతికిచ్చింది.

శైలజ టోపీ పెట్టుకున్నది. గిరిగాన్ని నా చేతికిచ్చింది. వంగి చేతిసంచి తీసింది. ఒక్క నిమిషం పట్టుకొని, అది గూడ నాకే ఇచ్చింది.

"ఇండ్ల చీరెలున్నయ్" అన్నది. "ఈడ కట్టేది లేదు. ఇంట్ల పెట్టు."

"సరే" అన్న. "ఏదో మాటున్నదంటివి?"

"ఏం లేదు తియ్. పప్పు జర మంట తక్కువ పెట్టి ఉడికియ్" అన్నది. లోపలికి ఉరికింది. ఎనకకు తిరిగి చూసింది గని ఉరుకుడు ఆపలే.

మేము ఊరు చేరేసరికి మా అమ్మ గడప కాడ నిలబడి మా ఎనక ఇంకెవరన్న వస్తున్నరేమోనని చూసింది. ఎవ్వరు లేరు. నా చేతిలున్న సంచి తీసుకొని జిప్పు తీసింది. చీరెలు, జాకెట్లు, ఇంటికాడ ఏసుకునే చెప్పులు. తరువాత ఒక్కొక్క చీరె దులిపి, మడత పెట్టి, నడుమ యాపాకు ఏసి పెట్టెల సర్దింది. "పురుగు పట్టకుంట ఉండాలె గద, వచ్చేదాంక" అన్నది. ఆ పొద్దు సంది "రమ్మను" అనే మాట ఆమె నోట్లెకెళ్ళి రాలే.

సద్దుల నాడు పూజ నడుమెత్తు బతుకమ్మను పేర్చింది. ఎత్తుకొని నడిచినోన్ని నేనే. పులిహోర మంచిగైంది. ఇట్ల చెప్పుకుంటే బాగుండదు గని, భాగ్యక్క గూడ రెండోసారి పెట్టించుకున్నది.

దసరా నాడు పాలపిట్టను చూడాలె. ఊరంత కొత్త బట్టలేసుకొని చెల్కల మీద పడ్డది. ఎక్కడ చూసినా మనుషులే, పిట్ట లేదు. గిరిగాడు కాకిని చూసి "గదేనా?" కొంగను చూసి "గదేనా?" అని అడిగి అడిగి నీరసపడ్డడు. పొద్దు వాలుతాంది. కొందరు ఇగ దొరకదని మర్లిన్రు.

మా అమ్మ మాత్రం నిమ్మళంగ నడుస్తాంది. "మీరంత ఎటు పోతున్నరు? రోజు మందను నీళ్ళకు తోలే తొవ్వల కరెంటు తీగ మీదనే కూసుంటది అది. నన్నెవ్వరడిగిన్రు?" అన్నది. పిల్లల చేతులు చెరొకటి పట్టుకొని ముంగట నడిచింది. మేము ఎనక. మమ్ముల చూసి ఊరోళ్ళు మా ఎనక.

నిజంగనే తీగ మీద ఉన్నది. మూతి ముడుచుకొని, మట్టి రంగుల, ఏ అందం లేకుంట. పూజ మొకం చిన్నగైంది. "గిదేనా?" అన్నది.

"జర ఆగు" అన్నది మా అమ్మ.

గిరిగాడు ఆగుతడా? గుండెనిండ ఊపిరి పీల్చి "పోండ్రీ!" అని కేకేసిండు. పిట్ట లేచింది. రెక్కలిప్పింది. ఆ నీలం చూసి ఊరంత ఒక్క నోరై అరిసిన్రు. మా అమ్మ రెండు చేతులెత్తి మొక్కింది. పూజ కొత్త గౌను ముండ్లకు తట్టుకుంటున్నా చూడక, పిట్ట పోయిన దిక్కే చేతులు చాపి ఉరికింది.

శైలజ ట్రైనింగ్ ఖతం చేసుకొని ఎండలు మొదలయ్యే ముందు ఇల్లు చేరింది. నల్లగొండల డ్యూటీ పడ్డది. రోజు బస్సుల పోయొస్తది. ఇంట్ల వంట ఇద్దరం చేస్తం. పప్పు నాదే.

మరుసటేడు సద్దుల బతుకమ్మకు దానికి నల్లగొండల బందోబస్తు వేసిన్రు. పిల్లలకు చూపిద్దామని అక్కడికే తీసుకపోయిన. లైట్లు, పాటలు, తిరణాల లెక్క జనం. ఆ జనం నడుమ శైలజ లాఠీ పట్టుకొని నిటారుగ నిలబడి తొవ్వ చేస్తాంది. డ్యూటీల ఉన్నప్పుడు పిలువొద్దని పిల్లలకు ముందే చెప్పిన. పూజ మాట ఇన్నది. గిరిగాడు గూడ ఇన్నడు, పిలువలే. కని బతుకమ్మనెత్తుకొని మా పక్కకెళ్ళి పోయే ఒక్కొక్కామె కొంగు గుంజి, "గామె మా అమ్మ" అని చూపిచ్చిండు. ఒకామె ఆగి చూసింది, ఇంకొకామె ఆగింది, ఆఖరికి తొవ్వంత ఆగింది.

ఆ ఆగిన తొవ్వను కదిలించేటందుకు శైలజనే రావాల్సొచ్చింది. "జరుగున్రి, జరుగున్రి, నిలబడొద్దు" అనుకుంట మా ముంగటికొచ్చింది. గిరిగాన్ని చూసింది. డ్యూటీల నవ్వొద్దాయె. కింది పెదవి పండ్ల నడుమ పట్టుకొని, లాఠీని ఈ చేతిలకెళ్ళి ఆ చేతిలకు మార్చుకున్నది.